పాత వడ్లు లెక్కలోకి రావు

అన్నం దగ్గర నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు. కూరలో ఉప్పు తక్కువైనా, చారు నీళ్ళలా ఉన్నా నోరు మూసుకుని తినేస్తాను గాని, అన్నం ముద్దగా ఉంటే మాత్రం కంచం ముందు నుంచి లేచిపోవాలనిపిస్తుంది. వయసు మీద పడ్డాక ఈ పిచ్చి తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. మొన్న బజారు నుంచి నెల్లూరు పాత బియ్యమని ఒక సంచీ తెచ్చారు. విప్పి గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, వాసన చూసి, ఇవి పాతవీ కావు, నెల్లూరివీ కావని తేల్చేశాను. "అంత గొప్ప అన్నం నెల్లూరులో ఎన్నాళ్ళు తిన్నారేమిటి?" అని మా ఆవిడ అడిగింది. అసలు తినలేదు. అదే నా బాధ.

పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను నెల్లూరు బ్రాంచికి ఏజెంటుగా వెళ్ళాను. ఆ రోజుల్లో బ్యాంకు మేనేజరును ఏజెంటు అనేవాళ్ళు. మా అమ్మ మంచాన పడి ఉండటంతో మా ఆవిడ, పిల్లలు కృష్ణ అవతల మా ఊళ్ళోనే ఉండిపోయారు. నేనొక్కణ్ణే బ్యాంకు మేడమీద గదిలో ఉంటూ ఎదురుగా ఉన్న హోటల్లో రెండు పూటలా భోంచేసేవాణ్ణి. ఆ హోటలువాడు మంచివాడే, నన్ను గౌరవంగా చూసేవాడే. కానీ కోతలు కాగానే వచ్చిన కొత్త బియ్యం కొని, వండి, జిగురుజిగురుగా ఉన్న అన్నం గరిటెతో విస్తట్లో కొట్టేవాడు. వడ్లకు పుట్టిల్లయిన ఊళ్ళో కూర్చుని ఈ బంకన్నం తినడమేమిటని రోజూ లోపల తిట్టుకునేవాణ్ణి. పైకి ఏమీ అనేవాణ్ణి కాదు, ఎందుకంటే ఊళ్ళో మరో మంచి హోటలు లేదు.

బ్యాంకు పనంటే కూర్చుని డబ్బు లెక్కపెట్టడమనుకుంటారు గాని, నా ఉద్యోగంలో సగం వడ్లు చూడటంతోనే గడిచింది. మిల్లుల వాళ్ళకు డబ్బు అవసరం కోతల కాలంలో. రైతులు బండ్లు తోలుకొస్తారు. ఎవరు చేతిలో రొక్కం పెడితే వాళ్ళ మిల్లు ముందే బండి ఆగుతుంది. ఆ వడ్లు ఆడించి, బియ్యం మద్రాసుకు పంపి, అక్కడి వర్తకుడి నుంచి డబ్బు వచ్చేదాకా మిల్లు ఆగకుండా నడవాలి. అందుకని నా దగ్గరకు ఎవరు అప్పు కోసం వచ్చినా ఒకే ప్రశ్న వేసేవాణ్ణి. ఇవాళ మీరు పెట్టిన రూపాయి వడ్లయి, ఆ వడ్లు బియ్యమై, ఆ బియ్యం మళ్ళీ రూపాయై మీ చేతికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది? దానికి నిజమైన జవాబు వస్తే, ఏడాదికి ఇంతవరకు వాడుకోవచ్చని మేం గీసే లిమిట్ సగం తేలినట్టే. మిగతా సగం గోడౌనులో తేలేది. వడ్ల బస్తాలు పేర్పించి, గోడౌనుకు బ్యాంకు తాళం వేసి, తాళంచెవి మా ఇనప్పెట్టెలో పెట్టుకునేవాళ్ళం. ఆ వడ్లకు ధర కట్టి, రేపు ధర పడిపోయినా బ్యాంకు మునగకుండా మార్జిన్ పేరుతో కొంత తీసేసి, మిగిలిన దానికే అప్పు ఇచ్చేవాళ్ళం. ఆడించడానికి బస్తాలు కావాలంటే మిల్లువాళ్ళు ఆ మేరకు డబ్బు కట్టి విడిపించుకోవాలి.

పెన్న వంతెన దాటితే కోవూరు. అక్కడ మాకు అప్పున్న ఒక మిల్లును నడిపేది ఒక పెద్దావిడ. భర్త పోయాక బంధువులు మిల్లు అమ్మేయమని చెప్పినా వినకుండా, తనే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని కాటా వేయించేది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. గొంతు మాత్రం ఇంజను మోత మీదుగా వినిపించేది. ఊరంతా ఆమెను మిల్లు పెద్దమ్మ అనేవాళ్ళు. కొన్నాళ్ళకు నేనూ అలాగే అనుకోవడం మొదలుపెట్టాను.

నేను చార్జి తీసుకునేటప్పటికే ఆ మిల్లు పేరు మా పైఆఫీసులో నలిగిపోయి ఉంది. నాకు ముందున్న ఏజెంటు స్టాకు చూడటానికి వెళ్ళినప్పుడల్లా అక్కడే భోంచేసేవాడట. పెద్దమ్మ పెట్టిన పెరుగన్నం తిని, దానికి బదులుగా ఆమె వడ్లకు ఎక్కువ ధర కట్టాడని ఎవరో సంతకం లేని ఉత్తరం రాశారు. ఆయన్ని ఎక్కడికో దూరం పంపించేశారు. నాకు చార్జి ఇప్పించిన పైఅధికారి రెండే ముక్కలు చెప్పాడు. అప్పు తీసుకున్న వాళ్ళ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టవద్దు, ధర విషయంలో మొహమాటం వద్దు. అందుకే స్టాకు తనిఖీకి వెళితే మా ప్యూను ఒక చేత్తో తాళంచెవుల సంచీ, మరో చేత్తో నీళ్ళ మరచెంబు పట్టుకుని నా వెనక నడిచేవాడు.

ఆ మిల్లుకు మొదటిసారి వెళ్ళినప్పుడు పెద్దమ్మ స్వయంగా వచ్చి గోడౌనంతా చూపించింది. వరసలు లెక్కపెట్టాను. బస్తాల్లోకి ఇనప గొట్టం గుచ్చి గింజలు తీసి, పంటి కింద నొక్కి తేమ చూశాను. అంతా బాగానే ఉంది. చివరికి ఆమె నన్ను గోడౌను కొసకు, విడిగా పేర్చిన బస్తాల దగ్గరకు తీసుకెళ్ళింది. అక్కడ వాసనే వేరు. కొత్త వడ్ల పచ్చివాసన కాదు. ఎండిన గడ్డివామి దగ్గర మధ్యాహ్నం పూట వచ్చే వెచ్చని వాసన. ఆ వాసనకు నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఇయి మా ఆయన ఏయించిన వడ్లు సారూ. మొలగొలుకుల రకం. మూడో ఏడు నడస్తా ఉండాది. వీటికి కొత్తవాటి ధర కట్టబాకండి. ముందు సారు ఎక్కువే కట్టినాడు" అంది పెద్దమ్మ. లోపల ఉన్నవాటిలో తన గొప్ప ఆస్తి అదేనని ఆమె నమ్మకం. అందుకే చివరి దాకా దాచి చూపించింది.

నేను కాగితం మీద ఆ వరసల దగ్గర అడ్డంగా గీత గీశాను. "అమ్మా, ఏడాది పైబడి కదలని సరుకు మాకు లెక్కలోకి రాదు. ఎక్కువ ధర సంగతి తర్వాత, అసలు వీటిమీద అప్పే ఇవ్వకూడదు" అన్నాను.

"కదిలిస్తే పాతయి యాడ నుంచి వస్తాయి సారూ?"

"అన్నాళ్ళు కదల్లేదంటే అమ్ముడుపోక మిగిలిందని బ్యాంకు అనుకుంటుంది."

"అమ్ముడుపోకనా? మద్రాసు నుంచి అడగతానే ఉండారు. నేనే ఇవ్వడం లేదు."

"అది ఇంకా ఇబ్బందమ్మా. అమ్మే వీలుండీ అమ్మకపోతే ధర పెరగాలని దాచారంటారు."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం రాలేదు. జాలిపడ్డట్టు అడిగింది. "మీ బ్యాంకులో ఎవురూ అన్నం తినరా సారూ?"

నాకు నవ్వొచ్చింది గాని నవ్వలేదు. రూలు రాసినవాడు బహుశా గోధుమ రొట్టెలు తినేవాడై ఉంటాడని నాకప్పుడే అనిపించింది. అన్ని సరుకులూ నిలవుంటే విలువ తగ్గేవేనని వాడి లెక్క. ఈ నేలమీద వడ్లు నిలవుంటే విలువ పెరుగుతుందని వాడికి ఎవరూ చెప్పలేదు. అయినా రూలు రూలే. అలా గీత కొట్టడం నా ఉద్యోగం. ఇవాళైనా అదే చేస్తాను.

ఆ వడ్ల సంగతి తర్వాత తెలిసింది. భర్త బతికుండగా ఏటా పంటలో మేలైనవి ఏరి అక్కడ వేసేవాడు. పాతబడ్డ వాటిలో కొంత అమ్మి, ఆ ఖాళీలో మళ్ళీ కొత్తవి నింపేవాడు. ఆ మిల్లుకు మద్రాసులో పేరు తెచ్చింది ఆ మూలే. ఇంటి వంటకు కూడా అవే ఆడించుకునేవాళ్ళు. నేను గీత కొట్టిన వారంలోనే పెద్దమ్మ ఆ బస్తాలను బ్యాంకు గోడౌను నుంచి తీయించి, ఇంటి వసారా పక్క గదిలో వేయించి, తన తాళం వేసుకుంది. లెక్కలోకి రాని వడ్లకు బ్యాంకు తాళం ఎందుకని ఆమె వాదన. నిజమే కదా.

ఆ మొదటి రోజు తనిఖీ ముగిసి తాళం వేసేసరికి మధ్యాహ్నమయింది. వసారాలో ఆకు వేసి ఉంది. "ఒక ముద్ద తినేసి పోండి సారూ, ఎండ చూడండి యెట్టా ఉండాదో" అంది పెద్దమ్మ. నేను రూలు చెప్పాను. ముందు ఏజెంటుకు జరిగింది ఆమెకు తెలుసు కాబట్టి రెండోసారి బలవంతం చేయలేదు. నేను వాకిట్లో వేపచెట్టు నీడన నిలబడి మరచెంబులో నీళ్ళు తాగాను. నా కోసం వేసిన ఆకు ముందు మా ప్యూను కూర్చున్నాడు. "మీకు రూలుండాది సార్, నాకు ఆకలుండాది" అనేశాడు పోతూ పోతూ. వాడికి రూలు లేని మాట నిజం. ధర కట్టేది వాడు కాదు.

తిరుగుదారిలో వంతెన పొడుగునా వాడు నన్ను చంపుకు తిన్నాడు. "సార్, ఆ అన్నం చూసుండాల్సింది. మెతుకూ మెతుకూ అంటుకుంటే ఒట్టు. నెయ్యేస్తే అట్టా జారిపోతా ఉంది. బొమ్మిడాయల పులుసు పోసుకుంటే అన్నం పులుసంతా పీల్చేసి కూడా పలుగ్గానే ఉండాది సార్" అంటూ లొట్టలేశాడు. నోరు మూసుకోమన్నాను. వాడు మూసుకోలేదు. నిజానికి మూసుకోవాలని నాకూ లేదు. కింద పెన్న ఇసకలో సన్నటి పాయగా పారుతుంటే, సముద్రం వైపు నుంచి గాలి కొడుతుంటే, ఇంకొకడు తిన్న అన్నం సంగతి వింటూ సైకిలు నడిపించుకుంటూ నడిచాను. ఆ తర్వాత ప్రతి తనిఖీకీ అదే తంతు. వాడు తినేవాడు, నేను వినేవాణ్ణి.

పాత వడ్లు లెక్కలోంచి పోయేసరికి ఆ ఏడు పెద్దమ్మ లిమిట్ తగ్గింది. సరిగ్గా కోతలు మొదలైనప్పుడే చేతిలో రొక్కం చాలలేదు. రైతుల బండ్లు ఆమె మిల్లు దాటి అవతలి మిల్లుకు పోతున్నాయని తెలిసింది. ఆమె బ్యాంకుకు వచ్చి నా ఎదుట కూర్చుంది. "పక్కగదిలో ఉండేయి అమ్మేస్తే సరిపోద్ది సారూ. కానీ ఒకసారి ఖాళీ అయితే మళ్ళా పాతబడేదానికి మూడేళ్ళు పడతాది. నాకు మనసు రావడం లేదు" అంది. ఆమెకు ఆ గది మొగుడు వదిలి వెళ్ళిన పేరు. నాకు మాత్రం, ఉన్నమాట చెబుతున్నాను, ఆ గది ఎప్పటికైనా నేను తినబోయే భోజనం. నేనెప్పుడూ ఇక్కడే ఏజెంటుగా ఉండిపోను కదా. బదిలీ అయి, చార్జి అప్పగించి, ఈ మిల్లు మీద నా పెన్ను తిరగని రోజొకటి వస్తుంది. ఆ రోజు మామూలు మనిషిలా వచ్చి ఆకు ముందు కూర్చుంటానని అప్పటికే మనసులో ఖాయం చేసుకున్నాను.

భర్త ఇన్సూరెన్సు డబ్బు ఆమె మా దగ్గరే ఫిక్సెడ్ డిపాజిట్ చేసి ఉంది. ఎప్పటికైనా కరెంటు మోటారు పెట్టించడానికి దాచిన డబ్బది. "ఆ రసీదు మా దగ్గర పెట్టండమ్మా. దాని మీద ఓవర్‌డ్రాఫ్టు ఇస్తాను. ఎంత కావాలో అంతే, ఎన్నాళ్ళు కావాలో అన్నాళ్ళే వాడుకోండి" అన్నాను.

"అంటే నా డబ్బే నాకు అప్పిస్తారా?"

"అంతే. డిపాజిట్ మీద మీకు మేం వడ్డీ ఇస్తూనే ఉంటాం. అంతకన్నా కాస్త ఎక్కువ వడ్డీ మీరు మాకు కడతారు."

"బాగుండాది సారూ బేరం" అని పకపకా నవ్వింది. గుమాస్తాలు తలలెత్తి చూశారు. నవ్వడం అయ్యాక నెమ్మదిగా లెక్క అడిగింది. గడువుకు ముందే డిపాజిట్ తెంచితే ఇన్నాళ్ళ వడ్డీ దెబ్బతింటుంది. ఓవర్‌డ్రాఫ్టయితే వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకే వడ్డీ. వడ్లమీద అప్పులా మార్జిన్ గొడవ ఉండదు, గోడౌను తనిఖీ ఉండదు, ధర పడితే భయం లేదు. హామీగా ఉన్నది డబ్బే కాబట్టి బ్యాంకుకు అంతకన్నా నిశ్చింత ఏముంది? ఆమెకు లెక్క నచ్చింది. రసీదు వెనక సంతకం చేసి నా చేతికిచ్చింది. రైతుల బండ్లు మళ్ళీ ఆమె వాకిట్లో ఆగాయి. పక్కగది అలాగే ఉంది. ఆ సాయంత్రం నేను హోటలు అన్నాన్ని కూడా తిట్టుకోకుండా తిన్నాను.

ఆ మరుసటి ఏడు వానలప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగేసరికి ఒళ్ళు చితికిపోయింది. డాక్టరు చూసి, "ఇక పథ్యం మొదలుపెట్టండి. పాత బియ్యం అన్నమే తినాలి, కొత్త బియ్యం ముట్టొద్దు, పేగులు తట్టుకోలేవు" అని చెప్పి వెళ్ళాడు. ఆ పథ్యమనే మాటకే నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు ఇలాగే జ్వరం వచ్చి తగ్గినప్పుడు మా అమ్మ అటకమీద కుండలో దాచిన పాత బియ్యం తీసి, వండి, పొడిపొడిగా వార్చి, బీరకాయ కూరతో నోట్లో పెట్టింది. లంఖణాలు ఉన్న నోటికి ఆ మొదటి ముద్ద ఎంత తియ్యగా ఉంటుందో, అలా పడుకుని లేచినవాళ్ళకే తెలుస్తుంది. ఇప్పుడు అమ్మ మంచంలో ఉంది, నేను మంచంలో ఉన్నాను, మధ్యలో ఎన్నో నదులున్నాయి. ఆవిణ్ణి చూడాలని, ఆ చేతి అన్నం తినాలని ప్రాణం కొట్టుకుపోయింది.

మధ్యాహ్నం ప్యూను మేడమెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఇత్తడి క్యారియరు ఉంది. "పెద్దమ్మ పంపించింది సార్. డాక్టరు చెప్పినాడని నేనే పోయి చెప్పినాను. పాతయ్యి దంచి, చేత్తో చెరిగి వండించినాది" అన్నాడు. మూత తీశాడు. గదంతా ఆ వాసన నిండింది. తెల్లగా కాదు, లేత గోధుమ ఛాయలో, ఏ మెతుకుకా మెతుకు విడిగా ఉన్న అన్నం. పక్క గిన్నెలో బీరకాయ కూర. నేను మోచేతి మీద లేచాను. చెయ్యి కూడా చాపాను.

ఎదురుగా బల్లమీద ఫైళ్ళ కట్ట ఉంది. జ్వరంలోనూ పని ఆగకూడదని గుమాస్తా పైకి తెచ్చి పెట్టాడు. అన్నిటికన్నా పైన ఉన్నది ఆ మిల్లు లిమిట్ మళ్ళీ ఏడాదికి పొడిగించమన్న దరఖాస్తు. నేను ఆ అన్నం తిని, సాయంత్రం ఆ కాగితంమీద సంతకం పెడితే, ఊళ్ళో మళ్ళీ ఎవరో సంతకం లేని ఉత్తరం రాస్తారు. నా సంగతి సరే, ఈసారి పైఆఫీసు ఆమె లిమిట్ మొత్తం తీసేస్తుంది. మిల్లు మూతపడుతుంది. ఆవిడ పెట్టిన అన్నం ఆవిడ మిల్లుకే చుట్టుకుంటుంది.

మూత పెట్టి తిరిగి ఇచ్చి రమ్మన్నాను. ప్యూను కదల్లేదు. "ముద్ద పథ్యం తింటే ఏమవుతాది సార్? పేణం కంటే ఎక్కువా మీ రూలు?" అన్నాడు. తీసుకుపోతావా లేదా అని అరిచాను. అరిచే ఓపిక కూడా లేదు. వాడు క్యారియరు తీసుకుని దిగిపోయాడు. నేను గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. ఆకలికి ఏడ్చానో, అమ్మ కోసం ఏడ్చానో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆ పూట హోటలు నుంచి ఇడ్లీ తెప్పించుకుని మజ్జిగలో పిసుక్కుని మింగాను.

పెద్దమ్మ ఏమీ అనుకోలేదట. "సారుకు ఒళ్ళు కుదరనీ, అదే చాలు" అని ఊరుకుందట. ప్యూను మాత్రం అనుకున్నాడు. ఆ రోజు నుంచి వాడు నాకు అక్కడి భోజనం కబుర్లు చెప్పడం మానేశాడు. తనిఖీకి వెళితే ఎప్పటిలా ఆకు ముందు కూర్చునేవాడు, తిని చెయ్యి కడుక్కుని వచ్చేవాడు, వంతెన దాటేదాకా నోరు విప్పేవాడు కాదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ దారి అప్పటి నుంచి చాలా పొడుగైపోయింది.

తర్వాతి ఏడు కరెంటు లైను మిల్లు దాకా వచ్చింది. డిపాజిట్ గడువు తీరింది. ఓవర్‌డ్రాఫ్టులో బాకీ ఉన్నది కట్టేసి, మిగిలిన డబ్బుతో పెద్దమ్మ మోటారు పెట్టించింది. ఇక ఆమెకు వడ్లమీద అప్పొక్కటే మిగిలింది. అప్పుడే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బియ్యం ధరలు మండిపోతున్నాయి, వ్యాపారులు దాచుకోకుండా వడ్లమీద అప్పులకు మార్జిన్ పెంచమని. అదే వడ్లకు నిన్నటిదాకా ఇచ్చిన అప్పు ఇవాళ ఎక్కువైపోయింది. తేడా ఎంతయితే అంత వెంటనే కట్టించాలి, కట్టకపోతే లిమిట్ రద్దు. ఉత్తరం పంపితే సరిపోయేదే గాని, మనసొప్పక నేనే వెళ్ళి చెప్పాను. పెద్దమ్మ కొత్త మోటారు పక్కన నిలబడి అంతా వింది. "ఇప్పుడు డిపాజిట్ కూడా లేదు గదా సారూ" అంది. లేదన్నాను. "ఒక వారం టైమివ్వండి. కోతల ముందు లిమిట్ పోగొట్టుకుంటే రైతులు మళ్ళా నా వాకిలి తొక్కరు" అంది.

వారం గడవకముందే డబ్బు కట్టేసింది. జిల్లాలో అందరికన్నా ముందు సర్దుబాటు చేసిన ఖాతా అదే. పైఆఫీసు నుంచి నన్ను మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది. డబ్బు ఎలా వచ్చిందని నేను అడగలేదు. గడువులోగా కట్టాక ఏ ఏజెంటూ అడగడు. ఆమె లిమిట్ నిలబడింది, కోతల్లో బండ్లు వాకిట్లో నిండాయి. నాకు గర్వంగానే ఉంది.

కొన్నాళ్ళకు నాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. అందరూ బదిలీ అంటే మొహం వేలాడేస్తారు. నేను మాత్రం లోలోపల పండగ చేసుకున్నాను. తాళంచెవుల సంచీ, మరచెంబు కొత్త ఏజెంటుకు అప్పగించాను. మర్నాడు పొద్దున్నే సైకిలెక్కి ఒక్కణ్ణే పెన్న దాటాను. జేబులో కాగితం లేదు, పెన్ను లేదు. పేరుకు వీడ్కోలు, అసలు సంగతి ఆకలి.

"ఏందిది సారూ, తాళంచెవులు లేకుండా వచ్చినారే" అంది పెద్దమ్మ.

"ఇవాళ నేను ఏజెంటును కానమ్మా. అన్నం పెడతారేమోనని వచ్చాను."

ఆమె మొహం ఒక్క క్షణం అదోలా అయింది. నేను సిగ్గుతో దాన్ని గమనించనట్టు ఊరుకున్నాను. వెంటనే లోపలికి కేకలేసింది, పొయ్యి రాజెయ్యమంది, పులుసుకు చేపలు తెప్పించింది. నేను వసారాలో కూర్చుని, ఇన్నాళ్ళూ మా ప్యూను కూర్చున్న చోటు నాదైనందుకు మురిసిపోతూ ఎదురుచూశాను. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆకు వేసింది. తనే తెచ్చి వడ్డించింది.

అన్నం గిన్నెలోంచి జారలేదు. గరిటెకు అంటుకుని, ముద్దగా, తెల్లగా, ఆకుమీద పడింది. వేళ్ళు పెట్టేసరికి జిగురు తెలిసింది. ఆ ఏటి వడ్లే. తలెత్తి వసారా పక్క గదివైపు చూశాను. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల పాత ఇంజను సామాను తుప్పు పట్టిపోతోంది.

"పాతయి అయిపోయినాయి సారూ" అంది పెద్దమ్మ, నేను ఎటు చూస్తున్నానో గమనించి. "మార్జిన్ కట్టమంటిరి గదా. అప్పుడే మద్రాసుకు తోలేసినాము. మొత్తం ఇస్తేనే ధర కడతానన్నాడు ఆ వర్తకుడు, గది ఊడ్చి ఇచ్చేసినాను."

తలవంచుకుని కలుపుతున్నాను. ఆమె విసనకర్రతో విసురుతూ పక్కనే కూర్చుంది. కాసేపటికి మెల్లగా అంది. "మీరు తింటారని తెలిసుంటే ఒక్క కుంచెడన్నా పక్కన పెట్టుందును సారూ. మీరెప్పుడూ తినేవాళ్ళు కాదు గదా."

నేను ఆకు ముందు నుంచి లేవలేదు. ఇంకాస్త వడ్డించమన్నాను.